సంతలో పుట్టిన బ్యాంకుల ఊరు



ఈ వేళ మీకు ఒక ఊరు చూపిద్దామని వచ్చాను. జర్మనీ దేశంలో, మైన్ అనే నది ఒడ్డున ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్. ఆ పేరు మీకు కొత్తేమీ కాదు. అమెరికాలో ఉన్న కొడుకును చూడ్డానికో, కూతురి పురిటికో వెళ్ళివచ్చిన పెద్దవాళ్ళు మన జి. కొండూరులో, మైలవరంలో, నూజివీడులో వీధికి ఒకరిద్దరైనా కనబడతారు. వాళ్ళలో కొందరు ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారి వెళ్ళినవాళ్ళే. ‘ఆ ఊరు మేమూ చూశామండీ’ అంటారు. ఏం చూశారని అడగండి. పొడుగాటి నడవాలు, అద్దాల గోడలు, కదిలే మెట్లు, కుర్చీల్లో కునికిపాట్లు. వాళ్ళు చూసింది విమానాశ్రయం. అసలు ఊరు అక్కణ్ణించి రైల్లో పావుగంట దూరంలో ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. రైల్లో పావుగంట, అంతే.

ఇంకొందరు ఆ పేరు వినగానే ‘అది బ్యాంకుల ఊరు కదా, అక్కడ చూసేదేముంటుంది’ అంటారు. బ్యాంకుల ఊరే, కాదనను. యూరో నాణేన్ని నడిపించే యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు అక్కడే ఉంది. జర్మనీ దేశపు కేంద్ర బ్యాంకు అక్కడే ఉంది. మన స్టేట్ బ్యాంకుకు కూడా అక్కడ ఒక శాఖ ఉంది. మరి ఇన్ని బ్యాంకులు ఏరికోరి ఆ ఊరికే ఎందుకు చేరాయి? రాజధాని కాదు. సముద్రం పక్కన లేదు. జనాభా చూస్తే ఏడున్నర లక్షలు, మన విజయవాడ కంటే తక్కువే. అయినా అక్కడికే ఎందుకు?

దీనికి జవాబు సంతలో ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ సంతతో ఎదిగిన ఊరు. సంత వచ్చింది, సంత వెనక డబ్బు వచ్చింది, డబ్బు వెనక బ్యాంకు వచ్చింది. అందుకే నేనంటాను, మామిడి సంత తెలిసినవాళ్ళకు ఆ ఊరు తొందరగా అర్థమవుతుంది. మనకు సంత తెలుసు.

ఏప్రిల్ నెలాఖరులో నున్న మామిడి మార్కెట్టును ఒకసారి తలుచుకోండి. నూజివీడు నుంచి, ఆగిరిపల్లి నుంచి, రెడ్డిగూడెం నుంచి, మన జి. కొండూరు మండలం నుంచి కాయ వస్తుంది. బంగినపల్లి ఒక కుప్ప, తోతాపురి ఒక కుప్ప, రసాలు ఒక పక్క. కొనడానికి ఉత్తరాది నుంచి వ్యాపారులు దిగుతారు. వాళ్ళ భాష మనకు సరిగా రాదు, మన భాష వాళ్ళకు అసలే రాదు. అయినా బేరం కుదురుతుంది, కాటా పడుతుంది, లారీ బయలుదేరుతుంది. రైతు తన కాయను కమీషన్ వ్యాపారి చేతిలో పెడతాడు. ఆ వ్యాపారి ఎక్కడో వెయ్యి మైళ్ళ అవతలి మనిషి మాట మీద సరుకు పంపుతాడు. అక్కడ ముందు చేతులు మారేది నమ్మకం. ఆ తరవాతే డబ్బు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో కూడా ఇదే జరిగింది. ఎనిమిది వందల ఏళ్ళ కిందట. 1240వ సంవత్సరంలో రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి ఒక ఆజ్ఞాపత్రం ఇచ్చాడు. ఫ్రాంక్‌ఫర్ట్ సంతకు వచ్చేవాళ్ళకూ, తిరిగి వెళ్ళేవాళ్ళకూ దారిలో నా రక్షణ ఉంటుంది అన్నాడు. దారిదోపిళ్ళ కాలం అది. అటువంటి రోజుల్లో సరుకుతో బయలుదేరిన మనిషికి ఆ హామీ ఎంత విలువైనదో ఆలోచించండి. మొదట శరత్కాలంలో ఒక సంత జరిగేది. 1330లో వసంతకాలానికి ఇంకో సంత కలిసింది. ఇటలీ నుంచి, ఫ్రాన్సు నుంచి, ఉత్తరాన సముద్రతీరాల నుంచి వర్తకులు వచ్చారు. మంచి నదీమార్గం, నాలుగు వైపులకూ బాటలు, దానికి తోడు దారిలో రక్షణ. ఊరు పెరిగింది.

అయితే ఒక చిక్కు వచ్చింది. వచ్చిన ప్రతివాడి సంచిలోనూ వేరే నాణెం. ఒక రాజ్యంలో వెండి ఎక్కువ, ఇంకో రాజ్యంలో తక్కువ. అంచులు గీకేసిన నాణేలు కొన్ని, కల్తీవి కొన్ని. ఏ నాణేనికి ఏది సమానం? ఈ తగువు తెగక 1585లో వర్తకులంతా ఒకచోట కూర్చుని మారకం ధరలు ఇవీ అని ఒప్పందం రాసుకున్నారు. ఫ్రాంక్‌ఫర్ట్ స్టాక్ ఎక్స్ఛేంజి తన పుట్టుకను ఆ ఏడాది నుంచే లెక్కపెట్టుకుంటుంది. చూశారా, సంతలో నాణేల తగువు తీర్చడానికి కుదిరిన ఒప్పందమే ఇవాళ ప్రపంచమంతా చూసే స్టాక్ మార్కెట్ అయింది. దాని గుమ్మం ముందు కంచుతో పోసిన ఒక ఎద్దు, ఒక ఎలుగుబంటి నిలబడి ఉంటాయి. ధర ఎక్కితే ఎద్దు గెలిచినట్టు, దిగితే ఎలుగు గెలిచినట్టు. వచ్చినవాళ్ళంతా వాటి పక్కన నిలబడి ఫొటో దిగుతారు. మీరూ దిగండి.

సరే, ఇక ఊళ్ళోకి వెళదాం.

ముందు ఒక జాగ్రత్త. విమానాశ్రయం దాటి ఊళ్ళో అడుగు పెట్టాలంటే, చాలా యూరప్ దేశాల్లో చెల్లే షెంజెన్ వీసా కావాలి. అమెరికా వీసా ఉంది కదా, నాలుగు గంటలు ఊరు తిరిగొస్తానంటే కుదరదు. మళ్ళీ చెబుతున్నాను. అమెరికా వీసా వేరు, షెంజెన్ వీసా వేరు. ప్రయాణానికి చాలా ముందే దరఖాస్తు పెట్టుకుని, టికెట్టులో ఒకటి రెండు రోజులు ఆ ఊరికి కేటాయించుకోండి. అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. ఆ ఊరి గొప్పతనమే అది. చిన్న ఊరు. నడిచి చూసే ఊరు.

మొదటి టెర్మినల్ కిందనే రైల్వే స్టేషను ఉంది. అక్కడ ఎస్-బాన్ అనే లోకల్ రైళ్ళు ఆగుతాయి. ఎనిమిదో నంబరుదీ, తొమ్మిదో నంబరుదీ ఊళ్ళోకి వెళతాయి. టికెట్టు యంత్రంలో ముందే కొనుక్కోవాలి. ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళేటప్పుడు గేటు ఉండదు, ఆపేవాళ్ళు ఉండరు. అలాగని టికెట్టు లేకుండా ఎక్కకండి. రైల్లో తనిఖీకి వస్తారు, దొరికితే అరవై యూరోలు జరిమానా.

పెద్ద స్టేషనులో దిగుతారు. 1888లో కట్టిన స్టేషను. ఇనుప కమానుల కింద వరసగా రైళ్ళు ఆగి ఉంటాయి. బయటికి రాగానే ఎదురుగా ఆకాశాన్నంటే బ్యాంకు భవనాలు, వాటి ముందు పాత రాతి మేడలు, ఆ మేడల కింద నాలుగు ఖండాల దుకాణాలు. ఒకచోట తుర్కీ రొట్టెలు కాలుస్తుంటారు. ఇంకోచోట ఆఫ్రికా బట్టలు. ఇంకోచోట మన కరివేపాకు, పెసరపప్పు, పచ్చిమిరపకాయలు. ఈ పేటలో కొన్ని సందుల్లో మత్తుమందుకు లొంగిపోయిన మనుషులు కూడా కనబడతారు. వాళ్ళ జోలికి మీరు వెళ్ళకండి. పెద్ద వీధి వదలకండి. సంచి ముందుకు వేసుకోండి. పగటిపూట నడిచి దాటిపోండి.

ఆ ఊళ్ళో నివసించేవాళ్ళలో సగం మందికి పైగా తామో, తమ తల్లిదండ్రులో వేరే దేశం నుంచి వచ్చినవాళ్ళు. దాదాపు నూట ఎనభై దేశాల మనుషులు ఉన్నారక్కడ. యుద్ధం తరవాత ఫ్యాక్టరీలకు మనుషులు చాలక జర్మనీ ప్రభుత్వం 1955లో ఇటలీతో, 1961లో తుర్కీతో ఒప్పందాలు చేసుకుని కూలీలను రప్పించింది. వాళ్ళ మనవలు ఇవాళ ఆ ఊరి టీచర్లు, డాక్టర్లు, బస్సు డ్రైవర్లు. తరవాత కంప్యూటరు చదువులు చదివిన మన పిల్లలూ చేరారు. ట్రాములో కూర్చుని చెవి ఒగ్గండి. ఏదో ఒక మూల నుంచి తెలుగు మాట వినబడినా ఆశ్చర్యపోకండి.

స్టేషను నుంచి తిన్నగా నడిస్తే ఒక పార్కు అడ్డం వస్తుంది. ఊరి చుట్టూ వడ్డాణంలా ఉండే పచ్చని తోట. ఒకప్పుడు అక్కడ కోటగోడ ఉండేది. రెండు వందల ఏళ్ళ కిందట ఆ గోడ పడగొట్టి, ఆ స్థలమంతా చెట్లకు వదిలేశారు. అక్కడ ఇళ్ళు కట్టకూడదని కట్టడి కూడా పెట్టుకున్నారు. గజం స్థలం బంగారంతో తూగే ఊళ్ళో, బ్యాంకు భవనాల మధ్య, ఆ తోట ఇప్పటికీ నిలిచి ఉంది. ఎన్నో తరాల నుంచి ఆ మాట మీద నిలబడ్డారు. మనూళ్ళో చెరువు గట్లూ, వాగు పోరంబోకులూ ఏమవుతున్నాయో తెలిసిన మనం ఆ తోటలో బెంచీ మీద కాసేపు కూర్చోవాలి. బుడమేరు మీది వెలగలేరు రెగ్యులేటరు మన మండలంలోనే ఉంది. 2024లో బుడమేరు పొంగినప్పుడు నీటికి దారి వదలకపోతే ఏమవుతుందో కళ్ళారా చూశాం. ఊరందరికీ చెందిన జాగాను ఊరందరికీ ఉంచడం ఎలాగో అక్కడ కనబడుతుంది.

ఆ తోట పక్కనే మైన్ టవర్ అనే భవనం ఉంది. రెండు వందల మీటర్ల ఎత్తు. బ్యాంకు భవనాల్లో మామూలు జనాన్ని పైకప్పు దాకా రానిచ్చేది ఇదే. టికెట్టు కొనుక్కుని లిఫ్టులో పైకి వెళ్ళండి. ఊరంతా ఒక్క చూపులో పడుతుంది. ఇటు నది, అటు కొండలు, కింద చర్చి గోపురం, పాత ఇళ్ళ ఎర్ర పెంకులు. ఇంత పేరున్న ఊరు ఇంత చిన్నదా అనిపిస్తుంది. ఎక్కడికి నడవాలో అక్కడే నిర్ణయించుకోవచ్చు.

కిందికి దిగి పది నిమిషాలు నడిస్తే గోథే ఇల్లు. జర్మన్ భాషకు మహాకవి గోథే. 1749 ఆగస్టు 28న ఈ ఇంట్లో పుట్టాడు. ఆయన గురించి మనం తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. కాళిదాసు శాకుంతలాన్ని విలియం జోన్స్ ఇంగ్లీషులోకి తెచ్చాడు. దాన్ని గెయార్గ్ ఫోర్‌స్టర్ 1791లో జర్మన్‌లోకి తెచ్చాడు. అది చదివి గోథే పరవశించిపోయాడు. శకుంతలను మెచ్చుకుంటూ పద్యం రాశాడు. తన ‘ఫౌస్ట్’ నాటకం మొదట్లో రంగస్థలం యజమానీ, కవీ, విదూషకుడూ మాట్లాడుకునే ఒక ఘట్టం పెట్టాడు. మన సంస్కృత నాటకాల్లో సూత్రధారుడు వచ్చి ప్రస్తావన నడిపించడం చూసే అలా రాశాడని పండితులు చెబుతారు. పిల్లలమర్రి పినవీరభద్రుడు తెలుగులో రాసిన శకుంతల కథే, ఎక్కడో జర్మనీలో ఒక కవి మనసును అలా కదిలించింది. ఆ ఇంట్లో ఒక బొమ్మల రంగస్థలం కూడా ఉంది. గోథేకు నాలుగేళ్ళప్పుడు నాయనమ్మ ఇచ్చిన కానుక. కొండపల్లి బొమ్మల మధ్య పెరిగిన పిల్లలు మీ వెంట ఉంటే, వాళ్ళను దాని ముందుకు తప్పకుండా తీసుకెళ్ళండి.

ఇంకో నాలుగడుగులు వేస్తే పౌల్స్‌కిర్షె. గుండ్రని ఎర్రరాతి చర్చి. 1848 మే నెలలో జర్మన్ ప్రజలు ఎన్నుకున్న మొదటి జాతీయ సభ ఇక్కడ సమావేశమైంది. రాజులు ఆ సభను బతకనివ్వలేదు. అయినా అక్కడ రాసుకున్న హక్కుల మాటలు తరవాతి రాజ్యాంగాలకు పునాది అయ్యాయి. ఈ చర్చికీ మనకూ ఒక బంధుత్వం ఉంది. జర్మన్ పుస్తక ప్రచురణకర్తలు ఏటా ఇక్కడ శాంతి బహుమానం ఇస్తారు. 1961లో ఆ బహుమానం అందుకున్నది మన సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన మనిషి. అప్పుడాయన భారత ఉపరాష్ట్రపతి. యుద్ధంతో మనసు విరిగిన దేశం, శాంతి గురించి చెప్పమని మన మనిషిని పిలిచింది. ఆ మందిరంలో నిలబడినప్పుడు ఈ సంగతి తలుచుకోండి. గుండె నిండుతుంది.

చర్చి దాటితే రోమర్‌బెర్గ్ అనే కూడలి. అదే పాత సంత మైదానం. నేను ఇందాక చెప్పిన సంతలన్నీ ఇక్కడ జరిగినవే. ఒక పక్క మెట్ల మెట్ల ముఖంతో రోమర్ అనే భవనం. 1405 నుంచి నేటిదాకా అదే ఆ ఊరి మునిసిపల్ ఆఫీసు. ఎదురుగా చెక్క చట్రాల మధ్య గోడలు కట్టిన ఇళ్ళు. మధ్యలో న్యాయదేవత ఫౌంటెన్. ఒక చేత కత్తి, ఒక చేత త్రాసు. మన కోర్టుల్లో ఎక్కువగా చూసిన బొమ్మకు కళ్ళగంతలు ఉంటాయి. ఈమెకు గంతలు లేవు. మునిసిపల్ ఆఫీసు వైపూ, సంత వైపూ కళ్ళు తెరుచుకుని చూస్తుంటుంది. కాటా దగ్గర ఎవరో ఒకరు కళ్ళు తెరిచి ఉండాలని మనకు తెలియంది కాదు.

ఇక్కడ ఒక విషాదం కూడా చెప్పాలి. ఈ కూడలి చుట్టూ ఉన్న పాత ఊరంతా 1944 మార్చి బాంబుదాడుల్లో కాలిపోయింది. గోథే ఇల్లు కూలింది. పౌల్స్‌కిర్షె కాలింది. ఆ రెండింటినీ మళ్ళీ కట్టారు. మీరు చూసే చెక్క ఇళ్ళు 1980 తరవాత మళ్ళీ కట్టినవి. పక్కనే ఉన్న సందులు, పదిహేను పాత ఇళ్ళ నమూనాలతో సహా, 2018లో పూర్తయ్యాయి. కొందరు ఇవి అసలువి కావు కదా అని పెదవి విరుస్తారు. నేను అలా అనుకోను. పోయినదాన్ని పాత ఫొటోలు, పాత కొలతలు వెతికి మళ్ళీ కట్టుకున్నారంటే, ఆ ఊరికి తన గతం మీద ఎంత మమకారమో తెలుస్తుంది.

ఆ మమకారానికి ఇంకో ముఖం ఉంది. తాము చేసిన తప్పును కూడా దాచిపెట్టుకోరు. కూడలిలో నేల మీద ఒక కంచు పలక ఉంది. 1933 మే 10న నాజీలు పుస్తకాలు కాల్చిన చోటు ఇదే అని చెబుతుంది. ఎవరి పుస్తకాలు? యూదులవి, స్వేచ్ఛగా ఆలోచించినవాళ్ళవి. ఆ పలక నుంచి పౌల్స్‌కిర్షెకు రెండు నిమిషాల నడక. యుద్ధం ముగిశాక, 1949లో, ఆ చర్చిలోనే పుస్తకాల సంత మళ్ళీ మొదలైంది. ఇవాళ ప్రపంచంలో అతిపెద్ద పుస్తకాల సంత అదే. ఏటా అక్టోబరులో జరుగుతుంది. 1986లో ఒకసారి, 2006లో ఇంకోసారి మన భారతదేశం గౌరవ అతిథిగా వెళ్ళింది. పుస్తకాలు కాల్చిన ఊరే పుస్తకాలకు పుట్టిల్లయింది. దానంతటది కాలేదు. పూనుకుని అయింది.

యూదుల గురించి చెప్పాలి. వాళ్ళ గురించి చెప్పకుండా ఆ ఊరి గురించి మాట్లాడకూడదు. నాలుగు గోడల మధ్య ఇరుకు సందులో కట్టడి చేసి ఉంచినా, తరాల తరబడి ఆ ఊరి వ్యాపారాన్ని పెంచినవాళ్ళలో వాళ్ళున్నారు. ఆ సందులోనే 1744లో మాయర్ ఆమ్షెల్ రోత్‌షీల్డ్ పుట్టాడు. పాత నాణేలు కొని అమ్మడంతో మొదలుపెట్టాడు. అతని అయిదుగురు కొడుకులు అయిదు నగరాల్లో బ్యాంకులు నడిపారు. 1929లో అదే ఊళ్ళో ఒక పాప పుట్టింది. పేరు ఆన్ ఫ్రాంక్. డైరీ రాసిన ఆ పిల్ల పేరు బళ్ళో చదువుకున్న మీ పిల్లలకు తెలిసే ఉంటుంది. నాజీల భయంతో ఆ కుటుంబం హాలండు వెళ్ళింది, అక్కడా తప్పించుకోలేకపోయింది. పాత యూదుల శ్మశానం ప్రహరీగోడకు చిన్న చిన్న ఇనుప దిమ్మెలు బిగించారు. ఒక్కో దిమ్మె మీద ఒక్కో పేరు. దాదాపు పన్నెండు వేల పేర్లు. అందులో ఆన్ పేరూ ఉంది. ఆ దిమ్మెల మీద వచ్చినవాళ్ళు చిన్న గులకరాళ్ళు పెడతారు. అది వాళ్ళ ఆచారం. మీరూ ఒక రాయి పెట్టండి.

ఇప్పుడు నేను చెప్పబోయేది జాగ్రత్తగా వినండి. సంత సంగతి మొత్తం ఇక్కడికే వచ్చి చేరుతుంది.

ఊరికి తూర్పున, నది ఒడ్డున, 1928లో ఒక పెద్ద కూరగాయల, పండ్ల హోల్‌సేల్ మార్కెట్టు కట్టారు. మార్టిన్ ఎల్సేసర్ అనే వాస్తుశిల్పి కట్టాడు. రెండు వందల ఇరవై మీటర్ల పొడవు. మధ్యలో ఒక్క స్తంభం లేని విశాలమైన హాలు. దాని తీరు చూసి జనం ముద్దుగా కూరగాయల చర్చి అని పిలుచుకున్నారు. రైతులు తెల్లవారకముందే సరుకు దించేవాళ్ళు. 1941 అక్టోబరులో నాజీలు ఆ మార్కెట్టు నేలమాళిగను వాడుకోవడం మొదలుపెట్టారు. ఊళ్ళో యూదులను ఇళ్ళలోంచి లాక్కొచ్చి, అక్కడ నిలబెట్టి, ఉన్నదంతా దోచుకుని, పక్కనే ఉన్న పట్టాల మీద రైళ్ళెక్కించి నిర్బంధ శిబిరాలకూ, మృత్యు శిబిరాలకూ పంపారు. పది వేల మందికి పైగా. పైన మార్కెట్టు యథాప్రకారం నడుస్తూనే ఉంది. పైన క్యాబేజీలు తూకం వేస్తున్నారు. కింద మనుషుల పేర్లకు టిక్కులు పెడుతున్నారు.

2004లో ఆ మార్కెట్టు వేరేచోటికి మారింది. ఆ స్థలంలో యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు వచ్చింది. 2014లో బ్యాంకు ఆ భవనంలోకి చేరింది. రెండు మెలితిరిగిన అద్దాల స్తంభాలు, వాటి పాదాల దగ్గర ఆ పాత మార్కెట్టు హాలు. హాలును కూల్చలేదు. బాగుచేసి, బ్యాంకు ప్రవేశద్వారం దాని గుండానే పెట్టారు. ఆ నేలమాళిగను కూడా అలాగే ఉంచారు. 2015లో అక్కడ స్మారకం తెరిచారు. రైళ్ళెక్కినవాళ్ళు రాసిన మాటలు, చూసినవాళ్ళు చెప్పిన మాటలు అక్కడ చెక్కి ఉన్నాయి. బయటి దారి నుంచే ఎవరైనా నడుస్తూ చదవవచ్చు.

అయ్యా, అమ్మా, ఒక్కసారి ఆలోచించండి. కోట్లమంది డబ్బును కాపాడే బ్యాంకు, రైతుల మార్కెట్టు మీద నిలబడి ఉంది. ఆ మార్కెట్టు కింద ఒక ఊరు తన మనుషులనే వెళ్ళగొట్టిన జ్ఞాపకం ఉంది. సంతకు వచ్చేవాడికి దారిలో రక్షణ ఇస్తామన్న మాటతో ఎదిగిన ఊరు, తన పక్కింటివాడికి రక్షణ ఇవ్వని రోజున పూర్తిగా పతనమైంది. మళ్ళీ లేచింది ఎలా? మళ్ళీ తలుపులు తెరిచి లేచింది. ఈ రెండు సంగతులూ ఆ ఊళ్ళో పక్కపక్కనే, నడిచి వెళ్ళేంత దూరంలో కనబడతాయి. అందుకే ఆ ఊరు చూడాలంటాను.

ఇక కాస్త తేలిక విషయాలు మాట్లాడుకుందాం. ఆకలి వేస్తుంది కదా.

ఊరి నడిమధ్యలో క్లైన్‌మార్క్ట్‌హాలె అని కప్పున్న చిన్న మార్కెట్టు ఉంది. 1954లో కట్టారు. కూరలు, పండ్లు, జున్ను, రొట్టెలు, ఊరగాయలు, చేపలు. అక్కడ ఆకుకూరల కట్టలు కాగితంలో చుట్టి అమ్ముతారు. ఒక్కో పొట్లంలో ఏడు రకాల ఆకులు. అందులో ఒకటి మన చుక్కకూర జాతిది, పులుపు అదే. ఆ ఏడు ఆకులూ సన్నగా తరిగి, పుల్లని మీగడలోనో పెరుగులోనో కలిపి, ఉడికించిన బంగాళాదుంపలతోనూ గుడ్లతోనూ తింటారు. గ్ర్యూనె జోసె అంటారు. శాకాహారులు గుడ్లు కలపనిది అడిగి హాయిగా తినవచ్చు. 2016లో ఆ ఏడాకుల పొట్లానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ మరుసటి ఏడాది, 2017లో, మన బంగినపల్లి మామిడికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆకు చిన్నదైనా, కాయ చిన్నదైనా, ఫలానా నేలలో పండిందన్న పేరును కాపాడుకోవాలని అక్కడి రైతుకీ ఇక్కడి రైతుకీ ఒకే తపన.

మామిడి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2014 మే నెలలో, పండుఈగ దొరికిందని యూరప్ దేశాలు మన మామిడిని ఆపేశాయి. మన ప్యాక్‌హౌసుల్లో శుద్ధి, తనిఖీలు గట్టిపరిచాక మరుసటి ఏడాది నిషేధం తీసేశాయి. మన తోటలో ఈగను పట్టే బుట్ట కట్టామా లేదా అన్నది అంత దూరాన ఒక దుకాణంలో తేలుతుంది. వేసవిలో వెళితే అక్కడి భారతీయుల దుకాణాల్లో మామిడి పెట్టె ధర చూడండి. ఆ ధరకూ తోట దగ్గర మనకు అందే ధరకూ మధ్య ఎన్ని చేతులున్నాయో లెక్క వేసుకోండి. కాయను కడగడం, గ్రేడు చేయడం, శుద్ధి చేయడం మనమే నేర్చుకుంటే ఆ చేతుల్లో కొన్నైనా మనవవుతాయి.

ఆ ఊరికి మామిడి లేదు, ఆపిల్ ఉంది. చుట్టుపక్కల పల్లెల్లో గడ్డిబీళ్ళ మధ్య ఆపిల్ చెట్లు ఉంటాయి. పుల్లటి కాయలు. వాటిని పిండి, పులియబెట్టి ఆపిల్ వైన్ చేస్తారు. నీలం పూలు వేసిన బూడిదరంగు మట్టి కూజాలో తెచ్చి, గళ్ళ గళ్ళ గాజు గ్లాసులో పోస్తారు. నదికి అవతల జాక్సెన్‌హౌజెన్ పేటలో పొడుగాటి బల్లల మీద ముక్కూమొహం తెలియనివాళ్ళంతా పక్కపక్కనే కూర్చుని తాగుతారు. మద్యం ముట్టనివాళ్ళు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వెళ్ళాలి. అప్పుడు గానుగలోంచి వచ్చిన తాజా ఆపిల్ రసం దొరుకుతుంది. తియ్యగా, చిక్కగా ఉంటుంది. మామిడి రైతుకు కూడా అదే తీరిక సమయం. మన కోతలు అయిపోయి ఉంటాయి, అక్కడ కోతలు మొదలవుతాయి. ఎండ ఉండదు, మరీ చలీ ఉండదు. సెప్టెంబరు, అక్టోబరు. గుర్తుపెట్టుకోండి.

జాక్సెన్‌హౌజెన్‌కు వెళ్ళడానికి నది మీద ఇనుప వంతెన ఉంది. కేవలం నడిచేవాళ్ళ కోసం. 1860ల చివర్లో ఊరి జనమే డబ్బు వేసుకుని కట్టుకున్నారు. వంతెన దిగితే నది ఒడ్డున వరసగా మ్యూజియాలు. వాటిలో ష్టేడెల్ మ్యూజియం పెద్దది. యోహాన్ ఫ్రీడ్రిష్ ష్టేడెల్ అనే బ్యాంకరు, తన బొమ్మల సేకరణనూ, ఇంటినీ, ఆస్తినీ 1815లో వీలునామా రాసి ప్రజలకు వదిలేశాడు. ఆడ, మగ, మతం తేడాలు చూడకుండా పేద విద్యార్థులకు అక్కడ చిత్రకళ నేర్పాలని కూడా కోరాడు. డబ్బు సంపాదించిన మనిషి దాన్ని ఏం చేసి వెళ్ళాలో అక్కడి గోడల మీద కనబడుతుంది. సోమవారం మ్యూజియాలు మూసి ఉంటాయి. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. సోమవారం మ్యూజియం లేదు, ఆదివారం దుకాణం లేదు. దాన్నిబట్టి రోజు ఎంచుకోండి.

మరి రెండు మూడు మాటలు. ఎర్రలైటు ఉన్నంతసేపు, బండి రాకపోయినా, రోడ్డు దాటకండి. పక్కన పిల్లలు చూస్తుంటారని పెద్దవాళ్ళు ఆగుతారు. సైకిళ్ళకు వేరే దారి గీసి ఉంటుంది, దాని మీద నడవకండి. కుళాయి నీళ్ళు నిశ్చింతగా తాగవచ్చు. చిన్న దుకాణాల్లో చిల్లర యూరోలు అవసరం పడతాయి, కొన్ని దగ్గర ఉంచుకోండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ట్రాము ఎక్కండి, గుమ్మం ముందు దింపుతుంది. భాష రాదని బెంగ వద్దు. అడగండి. ఆ ఊళ్ళో సగం మంది ఒకప్పుడు భాష రాకుండా దిగినవాళ్ళే, లేదా వాళ్ళ పిల్లలే. దారి చెప్పడానికి ఆగుతారు.

శ్రోతలారా, నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఫ్రాంక్‌ఫర్ట్ అంటే విమానాలు మారే చోటనీ, బ్యాంకుల గుట్ట అనీ వదిలేయకండి. ఒక సంత ఊరుగా చూడండి. ఆ కళ్ళు మనకున్నాయి. సంతకు దారి భద్రంగా ఉండాలి, కాటా నిజం చెప్పాలి, ఎక్కణ్ణించి వచ్చినవాడికైనా చోటుండాలి. ఈ మూడూ ఉన్నంతకాలం ఆ ఊరు వెలిగింది, నాజీల పన్నెండేళ్ళలో ఇవి పోయి బూడిదైంది, మళ్ళీ వీటిని తెచ్చుకుని నిలబడింది. మన నున్న మార్కెట్టుకైనా, నూజివీడుకైనా, రేపు మనం కట్టుకోబోయే ఏ ఊరికైనా ఇదే లెక్క. పిల్లలను చూడ్డానికి వెళుతూ ఒక రోజు అక్కడ ఆగండి. ఆ పాత మార్కెట్టు హాలు దాకా నడవండి. తిరిగొచ్చాక మన మార్కెట్టుకు ఇంకా ఏం కావాలో నలుగురిలో కూర్చుని మాట్లాడండి.